పాత ప్రాసెసర్ ఒరిజినలా, డూప్లికేటా? ఇంట్లో బల్ల మీదే తేల్చుకునే పద్ధతి

పాత ప్రాసెసర్లు సేకరించేవాళ్ల నుంచి నాకు తరచూ వచ్చే మెసేజ్ ఒకటే. ఒక ఫొటో, దాని కింద "అన్నా, ఇది ఒరిజినలేనా?" అన్న ప్రశ్న. చాలాసార్లు ఆ ఫొటోలో చిప్ పైభాగం ఒక్కటే ఉంటుంది, అదీ ఫ్లాష్ వెలుగులో తెల్లగా మెరిసిపోతూ. అది చూసి అవుననీ చెప్పలేను, కాదనీ చెప్పలేను. చిప్ మీ చేతిలో ఉంటే మాత్రం అరగంట, గంటలో మీరే తేల్చుకోవచ్చు. అందుకే నేను చేసే పద్ధతి మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట మనసులో పెట్టుకోండి. చిప్ మీద రాసి ఉన్నదాన్ని సాక్ష్యంగా తీసుకోకండి. ఉన్న రాత చెరిపి ఇంకో రాత అచ్చు వేయడం చవకైన పని. చిప్ ఒళ్లు, కాళ్లు (పిన్నులు), నడిచే తీరు మార్చడం మాత్రం అంత తేలిక కాదు. కింది మెట్లన్నీ ఈ మూడింటినీ చూడటానికే.

మోసాలు ఎక్కువగా నాలుగు రకాలు. నెమ్మది చిప్‌ను వేగమైనదిగా చూపడం: 5 మెగాహెర్ట్జ్ 8087 (ఇంటెల్ లెక్కల చిప్) మీద 10 మెగాహెర్ట్జ్ 8087-1 అని రాస్తారు. మామూలు కంపెనీ చిప్ మీద పేరున్న కంపెనీ ముద్ర వేయడం. మామూలు చిప్‌కు అరుదైన తేదీయో, అరుదైన గుర్తో తగిలించడం. నాలుగోది అన్నిటికన్నా ఘోరం. లోపల ఏదో సంబంధం లేని చిప్ ఉంటుంది, కాళ్ల సంఖ్య ఒక్కటే కలుస్తుంది.

కావలసినవి

- పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం. యూఎస్‌బీ మైక్రోస్కోప్ ఉంటే ఇంకా మంచిది.
- చిన్న టార్చి లైటు. ఫోన్ లైటు చాలు, కానీ చేత్తో అటూ ఇటూ తిప్పగలగాలి.
- వెర్నియర్ కాలిపర్. డిజిటల్ అయితే తేలిక.
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మినరల్ స్పిరిట్, అసిటోన్. గోళ్ల రంగు తీసే ద్రవాల్లో చాలావాటిలో ఇప్పుడు అసిటోన్ ఉండటం లేదు. సీసా మీద చూసి కొనండి, లేదా కెమికల్స్ షాపులో విడిగా తీసుకోండి.
- ఇయర్ బడ్స్, తెల్ల కాగితం.
- పోల్చి చూడటానికి నిస్సందేహంగా ఒరిజినల్ అయిన చిప్ ఒకటి.
- నడిపి చూడాలంటే ఆ ప్రాసెసర్‌కు తగిన బోర్డు. వీలైతే మీట ఎత్తితే చిప్ వదులయ్యే జిఫ్ సాకెట్. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు కోఠి గుజరాతీ గల్లీలో వెతకొచ్చు.

పోల్చడానికి చిప్ ఎక్కడ దొరుకుతుంది అని అడుగుతారు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఈసీఈ చదివినవాళ్లందరూ 8085 ప్రాసెసర్ ట్రైనర్ కిట్ మీద వేళ్లు అరగదీసినవాళ్లే. అలాంటి పాత కిట్ తీసేస్తుంటే అడిగి తీసుకోండి. కొన్నప్పటి నుంచీ సాకెట్‌లోనే ఉండిపోయిన చిప్ దొరికితే దాని కన్నా మంచి గురువు లేదు. దాని పైభాగం, అడుగు, అంచులు, కాళ్లు భూతద్దంలో ఒక పది నిమిషాలు ఊరికే చూడండి. ముందు అసలుది కంటికి అలవాటైతే నకిలీది దానంతట అదే ఎత్తి కనబడుతుంది.

1. డబ్బు కట్టకముందు ఫొటోలు అడగండి

అమ్మేవాళ్లను ఐదు ఫొటోలు అడగండి. పైభాగం, అడుగు, రెండు కొసలు, వెలుతురు పక్క నుంచి ఏటవాలుగా పడేలా తీసిన పైభాగం. "పంపే చిప్ ఇదేనా, ఫొటో ఇంకోదానిదా?" అని సూటిగా అడగండి. అడుగు ఫొటో పంపడానికి వెనకాడితే అక్కడే ఆగిపోండి.

ఒకే చోట ఇరవై ముప్పై చిప్‌లు, అన్నీ ఒకే తేదీ, అన్నీ అప్పుడే అచ్చు వేసినంత తెల్లటి అక్షరాలు, పైగా "కొత్తవి, వాడనివి" అని రాసి ఉంటే జాగ్రత్తపడాలి. పాత గోదాము సరుకు నిజంగానే ఉంటుంది, కాదనను. అలాంటి సరుకు సాధారణంగా దాని ప్లాస్టిక్ గొట్టంతో, లేబుల్‌తో సహా వస్తుంది.

విదేశం నుంచి తెప్పిస్తుంటే పార్సెల్ విప్పేటప్పుడు మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా వీడియో తీయండి. వాపసుకు గడువు ఎన్ని రోజులో ముందే చూసుకోండి. చాలామంది చిప్ తెచ్చి డబ్బాలో పెట్టి, బోర్డు తయారయ్యాక ఆరు నెలలకు పరీక్షిస్తారు. అప్పటికి అడిగే హక్కు పోతుంది.

2. పేరులో ఉన్న అక్షరం, ఒంటి రకం కలుస్తున్నాయా చూడండి

ఇది ఖర్చు లేని పరీక్ష, ఫొటోలో కూడా చేయొచ్చు. పాత ఇంటెల్ చిప్‌లలో నంబరు ముందున్న అక్షరం ఒంటి రకాన్ని చెబుతుంది. సి అంటే బంగారు పూత మూత ఉన్న సిరామిక్, డి అంటే రెండు బూడిదరంగు సిరామిక్ పలకలు మధ్యలో గాజుతో అతికినది, పి అంటే ప్లాస్టిక్. అంటే సి4004 అని రాసి ఉన్న చిప్ నల్ల ప్లాస్టిక్‌లో ఉంటే ఇక మిగతా మెట్లు అక్కర్లేదు. మోటరోలా వాళ్లు అక్షరం చివర పెట్టేవారు. ఎంసీ6800ఎల్ సిరామిక్, ఎంసీ6800పీ ప్లాస్టిక్.

3. డేట్ కోడ్ లెక్క కట్టండి

చాలా చిప్‌ల మీద నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ సంవత్సరం, తరవాతి రెండూ వారం. 7842 అంటే 1978లో 42వ వారం. ఇక్కడ మూడు ప్రశ్నలు వేసుకోండి.

వారం 53 దాటిందా? దాటితే అది తేదీ కాదు, లేదా తెలియనివాళ్లు వేసిన అచ్చు.

ఆ తేదీకి ఆ చిప్ పుట్టిందా? ఈ సంవత్సరాలు రాసి పెట్టుకోండి: 4004 1971 నవంబర్, 8008 1972, 8080 1974, 6502 1975, జెడ్80 1976, 8086 1978, 8088, మోటరోలా 68000 రెండూ 1979, ఎన్‌ఈసీ వీ20 1984, 80386 1985, పెంటియం 1993. 1974 తేదీతో జెడ్80 ఉండే అవకాశం లేదు. ఆ ఏడాది దాన్ని చేసిన జైలాగ్ కంపెనీయే అప్పుడప్పుడే మొదలైంది.

ఆ తేదీకి ఆ రకం అచ్చు ఉండేదా? 1970ల ప్రాసెసర్ల మీద సిరాతో వేసిన అచ్చు ఉంటుంది. లేజర్‌తో కాల్చి చెక్కిన సన్నని బూడిదరంగు అక్షరాలు 1977 తేదీతో కనిపిస్తే ఆ రాత తరవాత వచ్చిందన్నమాట.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటి ఉంది. ఇంటెల్ చిప్‌ల మీద కాపీరైట్ గుర్తు పక్కన '78 అనో, 1985 అనో ఉంటుంది. అది డిజైన్ హక్కుల సంవత్సరం, తయారైన సంవత్సరం కాదు. "1978 నాటి 8088" అని చెప్పి అమ్మేవాళ్లలో కొందరికి నిజంగానే ఈ తేడా తెలియదు. దీన్ని బట్టి చిప్ నకిలీ అనుకోకండి, తేదీ ఇంకోచోట వెతకండి. ఇంటెల్ తరవాతి కాలం చిప్‌లలో ఒక అక్షరంతో మొదలయ్యే లాట్ నంబరు ఉంటుంది. దాంట్లో మొదటి అక్షరం ఫ్యాక్టరీ, దాని పక్క అంకె సంవత్సరంలో చివరి అంకె, ఆ తరవాతి రెండూ వారం.

4. వెలుతురు ఏటవాలుగా వేసి ఒళ్లు చూడండి

నకిలీలు ఎక్కువగా దొరికిపోయేది ఈ మెట్టులోనే. తొందరపడకండి.

పాత రాత చెరపడానికి చిప్ పైభాగాన్ని ఉప్పుకాగితంతోనో యంత్రంతోనో అరగదీస్తారు. ఆ గీతలు కనబడకుండా నల్ల పూత వేస్తారు. దాని మీద కొత్త అచ్చు. కాబట్టి మనం వెతికేది మూడు: గీతలు, పూత, రెండు ముఖాల మధ్య తేడా.

గదిలో లైటు ఆపేయండి. చిప్‌ను తెల్ల కాగితం మీద పెట్టి, టార్చిని బల్లకు దాదాపు ఆనించి పక్క నుంచి వెలుగు వేయండి. చిప్‌ను నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి. ఒకే దిక్కున సన్నని గీతలు మెరిస్తే అరగదీసినట్టే. అక్కడక్కడ ఒరుసుకున్న గీతలు వేరు, అవి ఏ దిక్కుకైనా ఉంటాయి. అరగదీత గీతలు దువ్వినట్టు ఒకే వరసలో ఉంటాయి.

తరవాత చిప్ తిరగేయండి. ప్లాస్టిక్ చిప్‌లో పైనా కిందా ఒకే అచ్చులో, ఒకే పదార్థంతో పోసినవి. నిగనిగలో కొంచెం తేడా ఉండొచ్చు. అడుగు సన్నని గరుకుతో ఉండి, పైభాగం మాత్రం రంగు వేసిన గోడలా సమంగా, మందంగా ఉంటే అది పూత. అంచుల దగ్గర భూతద్దం పెట్టండి. పైభాగం పక్కగోడను కలిసే చోట పూత కొంచెం కిందికి జారి ఆగిన గీత కనబడుతుంది. కొన్నిటికి అంచు పదును పోయి గుండ్రబడి ఉంటుంది.

5. ఒకటో పిన్ గుంట

చిప్ పైన ఒక కొసన చిన్న గుండ్రటి గుంట ఉంటుంది. మూసలోనే వచ్చే గుంట కాబట్టి దాని అడుగు నున్నగా, అంచు స్పష్టంగా, అంతటా ఒకే లోతుగా ఉండాలి. అరగదీస్తే లోతు తగ్గుతుంది. పూత వేస్తే అడుగున పూత పేరుకుని గరుకవుతుంది. కొన్నిసార్లు సగం పూడిపోయి నీడలా మిగులుతుంది.

నేను మొదటిసారి మోసపోయినప్పుడు నాకు కళ్లు తెరిపించింది ఈ గుంటే. సీపీ/ఎం అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ నడిపే బోర్డు ఒకటి కట్టుకుంటూ, 20 మెగాహెర్ట్జ్ సీమాస్ (తక్కువ కరెంటుతో నడిచే రకం) జెడ్80 చిప్‌లు ఐదు ఆన్‌లైన్‌లో తెప్పించాను. జెడ్84సి0020 అని తెల్లగా, అందంగా అచ్చు. ఐదింటి మీదా ఒకే తేదీ. వరసగా కాగితం మీద పెట్టి టార్చి వేస్తే ఒకదానికి గుంట లోతుగా ఉంది, రెండింటికి పైపైన ఉంది, మిగతా రెండింటికి దాదాపు లేదు. ఒకే వారం, ఒకే మూస నుంచి వచ్చిన చిప్‌లకు మూడు రకాల గుంటలు ఎలా ఉంటాయి? అడుగున చూస్తే అచ్చులో పోసిన అక్షరాలు కూడా ఒకదానితో ఒకటి కలవలేదు. చాలా బాధ కలిగింది. డబ్బు సంగతి అలా ఉంచి, నెల రోజులు ఎదురుచూసి తెప్పించుకున్న చిప్‌లు. అప్పటి నుంచి ఒకే రకం చిప్‌లు రెండు మూడు వస్తే ముందు పక్కపక్కన పెట్టి గుంటలు, అడుగులు చూడటమే నా మొదటి పని.

6. కాళ్లు

"వాడనిది" అని అమ్మిన చిప్ కాళ్లు భూతద్దంలో చూడండి. సాకెట్‌లో పెట్టి తీస్తే కాలి మీద నిలువు గీత పడుతుంది. బోర్డు నుంచి ఊడదీస్తే కాళ్ల సందుల్లో, భుజాల దగ్గర సోల్డర్ ముద్దలు మిగులుతాయి. వాటిని దాచడానికి కాళ్లను మళ్లీ సోల్డర్‌లో ముంచుతారు. అప్పుడు కాలు మొత్తం అద్దంలా కొత్తగా మెరుస్తుంది, కొసలు లావెక్కుతాయి. నలభై ఏళ్ల తగరం పూత అలా మెరవదు, మసకబారుతుంది.

వాడిన చిప్ అయినంత మాత్రాన నకిలీ కాదు. పాత యంత్రం నుంచి తీసిన చిప్ అని నిజాయితీగా చెప్పి అమ్మితే నేను సంతోషంగా కొంటాను. వాడినదాన్ని వాడనిదిగా చూపించడానికి తంటాలు పడితే మాత్రం రాత విషయంలోనూ అదే పని చేసి ఉంటారని అనుమానించాలి.

ఒక జాగ్రత్త. నల్ల ఫోమ్‌లో దశాబ్దాలు గుచ్చి ఉంచిన చిప్‌లకు ఆ ఫోమ్ కుళ్లి కాళ్లు తినేస్తుంది. పచ్చగానో నల్లగానో పట్టిన తుప్పు నకిలీకి గుర్తు కాదు. వచ్చిన వెంటనే ఆ ఫోమ్ తీసేయండి.

7. కాళ్ల మధ్య దూరం కొలవండి

అమెరికా, జపాన్ చిప్‌లలో కాలికీ కాలికీ మధ్య 2.54 మిల్లీమీటర్లు. సోవియట్ దేశంలో, తూర్పు జర్మనీలో సొంత వాడకానికి చేసుకున్న చిప్‌లలో చాలావాటికి అది 2.5 మిల్లీమీటర్లు. ఒక్క కాలి దగ్గర ఈ తేడా కంటికి ఆనదు. 40 కాళ్ల చిప్‌లో ఒక వరస మొదటి కాలి నుంచి చివరి కాలి దాకా 19 సందులు ఉంటాయి. అప్పుడు 48.26కు బదులు 47.5 మిల్లీమీటర్లు వస్తుంది. ముప్పావు మిల్లీమీటరు తేడాను కాలిపర్ తేలిగ్గా పట్టేస్తుంది. మధ్యలో నుంచి మధ్యలోకి కొలవడం కష్టమైతే మొదటి కాలి ఎడమ అంచు నుంచి చివరి కాలి ఎడమ అంచుకు కొలవండి, అదే లెక్క.

ఇంటెల్ 8080 అని రాసి ఉన్నదానికి 47.5 వస్తే దాని పుట్టిల్లు ఎక్కడో మీకు తెలిసిపోయినట్టే. అయితే ఎగుమతికి చేసిన వాటిలో 2.54 కూడా ఉంది. కొలత కలిసినంత మాత్రాన గండం గడిచిందనుకోకండి.

8. ద్రవాలతో పరీక్ష

ముందు హెచ్చరికలు. తెల్ల సిరామిక్, బంగారు పూత ఉన్న ఖరీదైన చిప్ మీద ఈ పరీక్ష చేయకండి. 1970ల నాటి అసలు సిరా కూడా అసిటోన్‌కు పోవచ్చు. రాత పోతే ఆ చిప్ విలువ అక్కడితో సరి. కిటికీ తెరిచి ఉంచండి, దగ్గరలో పొయ్యి, అగరుబత్తి ఏదీ వెలగకూడదు.

ముందు మెత్తని ద్రవంతో మొదలుపెట్టాలి. మూడు పాళ్లు మినరల్ స్పిరిట్, ఒక పాలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి, ఇయర్ బడ్ తడిపి, రాతలో ఒక మూల అక్షరం మీద మెల్లగా నాలుగైదుసార్లు రుద్దండి. ఫ్యాక్టరీ అచ్చు దీనికి సాధారణంగా తట్టుకుంటుంది. మొన్న వేసిన సిరా అయితే చెదిరిపోతుంది.

తరవాత అసిటోన్. ఈసారి రాత లేని చోట, పైభాగం మూలన రుద్దండి. మనం చూసేది రాత పోతుందా అని కాదు, ఇయర్ బడ్ నల్లబడుతుందా అని. చిప్ ఒంటి ప్లాస్టిక్ అసిటోన్‌కు కరగదు. బడ్‌కు నల్లరంగు అంటితే అది పూతే. రుద్దినచోట కింద నుంచి బూడిదరంగు, దువ్విన గీతలు బయటపడతాయి. దుమ్ము, చేతి జిడ్డు కూడా మొదటిసారి బడ్‌ను మురికి చేస్తాయి. అందుకే ముందు ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక కొత్త బడ్‌తో చేయండి. ఇంకో కొత్త బడ్‌తో చిప్ అడుగున కూడా రుద్ది పోల్చండి.

బడ్ తెల్లగానే ఉంటే ఒరిజినల్ అని రాసేసుకోకండి. అసిటోన్‌కు లొంగని పూతలు ఇప్పుడు వస్తున్నాయి. నల్లబడితే నకిలీ అని ఖాయం, నల్లబడకపోతే విచారణ ఇంకా సాగుతుంది. అంతవరకే.

9. నడిపించి చూడండి

ప్రాసెసర్ల విషయంలో మనకున్న వరం ఇది. ఒక్కో రకానికీ పుట్టుకతో వచ్చిన నడక ఉంటుంది. దాన్ని ఏ సిరా మార్చలేదు.

ముందు హెచ్చరిక: కరెంటు సరిగ్గా తెలియకుండా చిప్ పెట్టకండి. 4004కు 15 వోల్టులు కావాలి. 8080కి +5, -5, +12 మూడూ కావాలి, అందులో -5 ముందు రావాలి. సాకెట్‌లో తిరగేసి పెడితే క్షమించని చిప్‌లు ఇవి. ముట్టుకునే ముందు ఎర్త్ అయిన లోహాన్ని తాకి, ఒంట్లో స్టాటిక్ పోగొట్టుకోండి.

*జెడ్80: సీమాసా, ఎన్‌మాసా?* ఎన్‌మాస్ అంటే సీమాస్‌కు ముందున్న, ఎక్కువ కరెంటు తాగే పాత తయారీ రకం. నాకు వచ్చిన ఐదు చిప్‌లూ ఈ పరీక్షలోనే పూర్తిగా తేలిపోయాయి. జెడ్80లో అధికారిక పట్టికలో లేని ఆదేశం ఒకటుంది, హెక్స్‌లో (పదహారు అంకెల లెక్కలో) ఈడీ 71. అది చిప్ లోపలి సి రిజిస్టరు (విలువ దాచుకునే చిన్న గడి) చూపించే పోర్టుకు ఒక విలువ పంపుతుంది. పాత ఎన్‌మాస్ జెడ్80 అయితే సున్నా పంపుతుంది, సీమాస్ జెడ్80 అయితే ఎఫ్‌ఎఫ్ (ఎనిమిది బిట్లూ ఒకట్లే) పంపుతుంది. ఎనిమిది ఎల్‌ఈడీలున్న అవుట్‌పుట్ పోర్టు మీ బోర్డులో ఉంటే, దాని నంబరు 00 అనుకుంటే, 0ఈ 00 ఈడీ 71 అని నాలుగు బైట్లు రాసి నడిపించండి. దీపాలన్నీ వెలిగితే సీమాస్. అన్నీ ఆరిపోతే ఎన్‌మాస్. నా ఐదింటికీ దీపాలు ఆరిపోయాయి. ముట్టుకుంటే వెచ్చగా కూడా ఉన్నాయి. అదీ ఎన్‌మాస్ గుర్తే, సీమాస్ చాలా తక్కువ కరెంటు తాగుతుంది. పరీక్షకు ముందు పోర్టుకు 55 లాంటి విలువ పంపి కొన్ని దీపాలు వెలిగించి పెట్టుకోండి. లేకపోతే ఆదేశం నడిచి ఆరాయా, అసలు నడవనే లేదా అన్నది తెలియదు.

ఈ పరీక్ష సీమాస్ అని చెబుతుంది, 20 మెగాహెర్ట్జ్ అని చెప్పదు. నెమ్మది సీమాస్ మీద 20 అని రాసి ఉండొచ్చు. దానికి మళ్లీ 4, 5 మెట్లే దిక్కు.

*6502: 1975 తేదీ నిజమేనా?* 1976 మధ్యకు ముందు వచ్చిన ఎంఓఎస్ కంపెనీ 6502లలో ఆర్‌ఓఆర్ అనే ఆదేశం పనిచేయదు. అందుకే ఆ తొలి చిప్‌లంటే సేకరించేవాళ్లకు ప్రాణం, అందుకే నకిలీ తేదీలూ ఎక్కువ. కిమ్-1 (ఎంఓఎస్ వాళ్లే చేసిన 6502 బోర్డు) లేదా దాని తరహా బోర్డు మీద 0200 నుంచి ఇలా ఎక్కించండి: ఏ9 02 18 6ఏ 85 00 4సి 4ఎఫ్ 1సి. దీని అర్థం, 2 తీసుకుని, కుడివైపు ఒక గడి తిప్పి, ఫలితాన్ని 0000 చిరునామాలో పెట్టి, బోర్డులోని మానిటర్ ప్రోగ్రామ్‌కు తిరిగి రావడం. నడిపించాక 0000లో 01 కనిపిస్తే ఆర్‌ఓఆర్ చక్కగా పనిచేస్తోంది. అంటే చిప్ మీద 1975 తేదీ ఉంటే ఆ తేదీ అబద్ధం. లోపం ఉంటేనే అసలుదని తేలే పరీక్ష ఇది. నాకు చాలా ఇష్టం.

*ఎన్‌ఈసీ వీ20: లోపల మామూలు 8088 ఉందా?* వీ20 అంటే 8088 సాకెట్‌లోనే కూర్చునే ఎన్‌ఈసీ చిప్. డాస్‌లో డీబగ్ (ఆదేశాలను ఒక్కొక్కటిగా నడిపి చూపే ప్రోగ్రామ్) తెరిచి, 100 చిరునామాలో డి5 10 అని రెండు బైట్లు పెట్టండి. ఏఎక్స్ రిజిస్టరులో 0102 పెట్టి, ఒక్క అడుగు నడిపించండి. 8088 అయితే ఏఎల్‌లో (ఏఎక్స్ కింది సగం) హెక్స్‌లో 12 వస్తుంది, వీ20 అయితే 0సి. ఏఏడీ అనే ఈ ఆదేశంలో వీ20 మనం ఇచ్చిన 16ను (హెక్స్‌లో 10) పట్టించుకోకుండా ఎప్పుడూ పదితోనే గుణిస్తుంది.

*పెంటియం: భాగహారం తప్పు ఉన్నదేనా?* 1994లో ప్రొఫెసర్ థామస్ నైస్లీ బయటపెట్టిన లోపం ఉన్న తొలి పెంటియంలను వెతికి కొనేవాళ్లు ఉన్నారు. 4195835ను 3145727తో భాగించండి. వచ్చినదాన్ని 3145727తో గుణించి, 4195835లోంచి తీసేయండి. మంచి చిప్‌లో సున్నా వస్తుంది, లోపం ఉన్నదాంట్లో 256. కొత్త కంపైలర్లు ఈ లోపాన్ని దారి మళ్లిస్తాయి కాబట్టి చిప్‌తో నేరుగా లెక్క చేయించే పాత డాస్ ప్రోగ్రామ్‌తోనే చేయండి.

పెంటియంలలో ఇంకో పరీక్ష కూడా ఉంది. పైన ఉన్న ఎస్-స్పెక్ నంబరు (ఇంటెల్ ఒక్కో రకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య), అడుగున ఉన్న నంబరు కలవాలి. బోర్డులో పెట్టి సీపీయూఐడీ (చిప్ తన గురించి తాను చెప్పే ఆదేశం) చదివితే వచ్చే స్టెప్పింగ్ (డిజైన్ ఎన్నో సవరణ అన్నది), ఆ ఎస్-స్పెక్‌కు ఇంటెల్ పత్రాల్లో ఇచ్చిన స్టెప్పింగ్ ఒకటే కావాలి. 1990ల నడుమ నెమ్మది పెంటియంల మీద వేగం పెంచి రాసి అమ్మిన వ్యాపారం ప్రపంచమంతా సాగింది. ఆ చిప్‌లు ఇప్పుడు పాతవై, ఆ అబద్ధపు రాతలకు కూడా వయసొచ్చి, అసలువాటిలా చలామణి అవుతున్నాయి. రాత పాతగా ఉంది కాబట్టి నిజమే అనుకుని మోసపోయేది ఇక్కడే.

వేగం మోసాన్ని నడిపి పట్టుకోవడం మాత్రం కష్టం. 5 మెగాహెర్ట్జ్ 8087 చల్లగా ఉన్నంతసేపు 10 దగ్గర కూడా నడిచిపోవచ్చు. రెండు నిమిషాలు నడిచింది కదా అని ఒప్పేసుకోకండి. కనీసం ఒక గంట లెక్కలు చేయిస్తూ వేడెక్కనివ్వండి.

తెల్ల సిరామిక్, బంగారు మూత చిప్‌లకు ప్రత్యేకంగా

వందలు, వేల డాలర్లు పలికేవి ఇవే. తెల్ల సి4004లో పైన సన్నని బూడిదరంగు తీగలు కనబడే తొలి రకం అందరి కలా. వీటికి ద్రవాలు వాడం, నడిపించడమూ భయమే, కాబట్టి కళ్లకే పని.

రాత ఉన్న చోట సిరామిక్ మిగతా చోటు కన్నా నున్నగానో తెల్లగానో ఉందేమో చూడండి. అలా ఉంటే అక్కడ ఇంకేదో రాత చెరిపారు. పాత రాత నీడ టార్చి వెలుగులో ఒక్కోసారి ఇంకా కనబడుతుంది. మూత మీద రాత ఉంటే, అక్షరాల కింద బంగారు పూత చుట్టుపక్కలలాగే ఉండాలి, రుద్దినట్టు మసకగా ఉండకూడదు. బూడిద తీగలు సిరామిక్‌లో భాగంగా కనబడాలి. పైన గీసినట్టు ఎత్తుగా, వెలుగులో మెరుస్తూ ఉంటే వదిలేయండి. ప్రతి తీగా ఒక కాలి వైపు పోవాలి, మధ్యలో ఆగిపోకూడదు.

అదే డేట్ కోడ్‌కు దగ్గరగా ఉన్న వేరే చిప్ ఫొటోలు సీపీయూ వరల్డ్ వెబ్‌సైట్ లాంటి చోట వెతికి, అక్షరాల ఆకారం పక్కపక్కన పెట్టి చూడండి. 4 అంకె తల మూసి ఉందా తెరిచి ఉందా, లోగోలోని అక్షరం ఎంత కిందికి దిగింది, వరసల మధ్య ఖాళీ ఎంత. ఫ్యాక్టరీల మధ్య చిన్న తేడాలు నిజంగానే ఉంటాయి. ఒక్క అక్షరం తేడాతో తీర్పు చెప్పకండి.

386 సేకరించేవాళ్లకు ఒక మాట. 1987లో 32 బిట్ గుణకారంలో తప్పు బయటపడ్డాక ఇంటెల్ పరీక్షించి, నెగ్గినవాటి మీద రెండు సిగ్మా గుర్తులు, నెగ్గనివాటి మీద 16 బిట్ సాఫ్ట్‌వేర్‌కు మాత్రమే అనే ముద్ర వేసింది. ఈ 16 బిట్ ముద్ర చిన్నదే కాబట్టి మామూలు 386 మీద దాన్ని దించడం తేలిక. ఆ తప్పు కూడా వోల్టేజీ, వేడి, వేగాన్ని బట్టి కనబడేది. బోర్డులో పెట్టి నడిపితే ఖాయంగా తేలదు. ఇక్కడ తేదీయే ఆధారం. 16 బిట్ ముద్ర ఉండి, తేదీ 1987 దాటి చాలా ముందుకు పోతే అనుమానించండి.

తరచూ జరిగే పొరపాట్లు

పనిచేస్తోంది కాబట్టి ఒరిజినల్ అనుకోవడం మొదటిది. నా ఐదు జెడ్80లూ 4 మెగాహెర్ట్జ్ దగ్గర హాయిగా పనిచేస్తాయి. అవి మంచి చిప్‌లే, వాటి మీద రాతే అబద్ధం.

రెండోది దీనికి తిరగబడింది. అక్షరాలు వంకరగా, మసకగా ఉన్నాయని నకిలీ అనేయడం. 1970ల ఫ్యాక్టరీ అచ్చు చాలాసార్లు వంకరగానే పడేది. నకిలీ అచ్చు తరచూ అంతకన్నా చక్కగా ఉంటుంది.

మూడోది, ఒక్క పరీక్షతో తేల్చేయడం. నేను కనీసం మూడు వేర్వేరు ఆధారాలు ఒకే మాట చెబితేనే నకిలీ అంటాను. అసిటోన్ బడ్ నల్లబడటం, సీమాస్ అని రాసి ఉన్న జెడ్80కి దీపాలు ఆరడం, 1975 చిప్‌లో ఆర్‌ఓఆర్ నడవడం లాంటివి మాత్రం ఒక్కటున్నా చాలు.

నాలుగోది, పరీక్షించాలన్న ఆత్రంలో మూత ఊడదీయడం, ఉప్పుకాగితం పెట్టడం. చిప్ పాడవుతుంది, వాపసు హక్కు కూడా పోతుంది.

నకిలీ అని తేలితే

టార్చి వెలుగులో తీసిన ఫొటోలు, బడ్ ఫొటో, పార్సెల్ వీడియో జతచేసి గడువులోపు ఫిర్యాదు పెట్టండి. "నకిలీ అనిపిస్తోంది" అని రాయకండి. "ఇది సీమాస్ అని అమ్మారు, ఈడీ 71 పరీక్షలో ఎన్‌మాస్ అని తేలింది" అని రాయండి. నేను అలా రాశాక డబ్బు వెనక్కి వచ్చింది, చిప్‌లు నా దగ్గరే ఉంచుకోమన్నారు.

ఉంచుకుంటే అడుగున చెరగని మార్కర్‌తో నకిలీ అని రాసి, తేదీ వేయండి. మీ తరవాత ఆ డబ్బా ఎవరి చేతికి వెళ్తుందో తెలియదు కదా. నా ఐదింటి అడుగునా ఎర్రగా ఇంటూ గుర్తు ఉంది. ఏ కొత్త చిప్ వచ్చినా ముందు వాటిలో ఒకటి, పాత కాలేజీ కిట్ నుంచి తీసిన 8085 ఒకటి పక్కపక్కన పెట్టుకుని, కొత్తదాన్ని మధ్యలో పెట్టి, లైటు ఆపేసి టార్చి వేస్తాను.